మూత మీద నిప్పులు

మా తాత మదన్‌మోహన్‌రావుకు ఒకే ఒక్క పిచ్చి. మూత పెట్టి పొయ్యి ఎక్కించిన గిన్నెను ఆయన చెప్పేదాకా దేవుడు దిగి వచ్చినా తెరవకూడదు. మిగతా విషయాల్లో మంచివాడే.

రాయికల్ దగ్గరి మా ఊళ్లో మగవాళ్లు పొయ్యి దగ్గరికి పోవడమే వింత. ఆయన్ని అక్కడికి పంపింది ఒక వారపత్రిక. వంటల పేజీలో "మెక్సికో వారి సులభమైన వంట, ఇంటిల్లిపాదికీ ఒకే గిన్నె" అని రాసింది. ఆ సాయంత్రమే తాత మక్క రొట్టెలు ముక్కలుగా తుంచి, ఉడికిన బొబ్బర్లు, టమాటలు, ఉల్లిగడ్డలు, మిరప్పొడి వరసలుగా పేర్చాడు. పైన చీజు వేయాలట. కోరుట్ల బజారంతా తిరిగినా ఆ పేరు విన్నవాళ్లు లేరు. పాలు విరగ్గొట్టి పరిచాడు. పైపొర ఎర్రబడాలంటే పైనుంచి కూడా సెగ కావాలని మూత మీద నిప్పులు పోశాడు. ఇక ఆ మూత ముట్టుకునే ధైర్యం ఎవరికుంటుంది?

అప్పటి నుంచి ఆదివారం వస్తే మా అమ్మ ప్రమీలకు గుండెదడ. సులభమైన వంట మధ్యాహ్నం మొదలై దీపాలు పెట్టే వేళకైనా అయ్యేది కాదు.

"మామయ్యా, పిల్లలు ఆకలంటున్నరు. ఒక్కసారి తీసి చూద్దునా?"

"నువ్వు చూస్తే ఉడుకుతదా బిడ్డా? సిగ్గయి ఆగిపోతది."

సిరిసిల్ల నుంచి వచ్చిన మేనత్త సరోజ ఆ మూత కోసం చూసి చూసి ఆఖరి బస్సు పోగొట్టుకుంది. మళ్లీ వచ్చినప్పుడు టిఫిన్ డబ్బా వెంట తెచ్చుకుంది.

అవి ఇటు అన్నలు, అటు పోలీసులు ఊళ్లు తిరిగే రోజులు. మా జీతగాడు కొమురయ్య తమ్ముడు దళంలో కలిశాడు. ఒక ఆదివారం గిన్నె పొయ్యి మీద ఉండగానే వాకిట్లో జీపు ఆగింది. కొత్త ఎస్సై కొమురయ్యను వేలితో పిలిచాడు.

"జీపెక్కు. నీ తమ్ముని సంగతి మాట్లాడుదాం."

చేతిలో నిప్పుల పారతోనే కొమురయ్య తాత వైపు చూశాడు. జీపు చప్పుడుకే వీధిలో తలుపులన్నీ మూసుకున్నాయి. ఎవరూ చూడకుండా జీపెక్కి, ఇంకా దిగని వాళ్లు ఆ చుట్టుపక్కల ఉన్నారు. వాళ్ల ఆచూకీ ఠాణాలో అడిగితే, "ఎవరు తీసుకుపోయిండ్రు? ఎవరు చూసిండ్రు?" అనేవాళ్లు.

తాత గిన్నె వైపు చూశాడు. "సార్, మూత దించేదాకా వీడు కదలొద్దు. నిప్పులు ఆరితే మెక్సికో ఖరాబైతది."

"ఏంది ఖరాబైతది?"

"మెక్సికో సార్. పావుగంట. కూసోండ్రి, తిని పోదురు."

పొద్దుటి నుంచి ఊళ్లు తిరిగిన ఎస్సైని ఆ వాసన కుర్చీలో కూర్చోబెట్టింది. అమ్మ ఎస్సైకి మంచినీళ్లు ఇచ్చింది. ఈ ముసలాయన వంట పిచ్చితో ఇంటిల్లిపాదినీ జీపెక్కిస్తాడనుకుంది.

"బిడ్డా, కొత్తిమీర లేదు. ఎల్లవ్వ ఇంట్ల అడిగి రా."

పెరట్లో మడి నిండా కొత్తిమీరే. "మామయ్యా, మనింట్లనే..."

"ఎల్లవ్వ దగ్గర లేకుంటే సాయన్నను అడుగు. ఆడ లేకుంటే గంగారాంను అడుగు. ఎందుకని అడిగితే చెప్పు, ఎస్సై సార్ మన కొమురయ్యను తీస్కపోను అచ్చిండు, ఆకలి మీదున్నడని."

తాత కళ్లలోకి చూశాక అమ్మకు అర్థమైంది. చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికింది.

ఎల్లవ్వ గుప్పెడు కొత్తిమీరతో వచ్చి, ఇచ్చి, అక్కడే నిలబడింది. సాయన్న వచ్చాడు. గంగారాం ఇంట్లో కొత్తిమీర లేదు. ఆ మాట చెప్పడానికి ఇంట్లో వాళ్లంతా వచ్చారు.

"రావు గారూ, ఇంకెంతసేపు?"

"అయిపాయె సార్. కొమురయ్యా, ఇంకో పారెడు నిప్పులు పొయ్యి."

మాడు వాసన వీధి చివరికి పోయింది. దాన్ని పట్టుకుని మిగతా ఊరూ వచ్చింది. వాకిలి నిండాక తాత మూత దించాడు. లోపల బొగ్గు.

"ఇదేంది?" అన్నాడు ఎస్సై.

"మెక్సికోల గిట్లనే తింటరట సార్."

ఎవరో కిసుక్కుమన్నారు. ఎస్సై నవ్వలేదు. తాత చేతులు జోడించాడు.

"సార్, మా కొమురయ్యను ఏ ఠాణకు తీస్కపోతున్నరో గీళ్లందరికి జర చెప్పుండ్రి. రేపు నేను అన్నం పట్టుకొని అస్త."

ఎస్సై వాకిలంతా చూశాడు. కొందరి చేతుల్లో కొత్తిమీర, అందరి కళ్లూ తన మీదే. "జగిత్యాల. మాట్లాడి పంపిస్త" అన్నాడు మెల్లగా.

"యినబడలే సార్" అంది ఎల్లవ్వ.

మళ్లీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఊరంతా చూస్తుండగా కొమురయ్య జీపెక్కాడు.

మరునాడు పొద్దున్నే తాత అన్నం గిన్నె పట్టుకుని జగిత్యాల పోయాడు. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే బస్సు దిగారు. కొమురయ్య చెంప వాచింది కానీ తన కాళ్ల మీదే నడిచి వచ్చాడు.

అమ్మ పప్పు, అన్నం వండి అతనికి వాకిట్లో వడ్డించింది. తాత తన కంచం పట్టుకొచ్చి అతని పక్కనే నేల మీద కూర్చున్నాడు. కొమురయ్య గాభరాగా లేవబోతే చెయ్యి పట్టి ఆపాడు.

"లోపటికి రాండ్రి మామయ్యా, నేల మీద ఎందుకు?"

"లోపట ఫ్యాను చప్పుడుకు తినబుద్ధి కాదు బిడ్డా."

పొద్దుటి నుంచి ఊళ్లో కరెంటే లేదు.