తోకలు వాటిష్టం

షర్షెనాలి అన్న దృష్టిలో లోకంలో పాపం ఒక్కటే: ఒకే గీత మీద మొదలుకావలసినవి మొదలుకాకపోవడం.

కరకోల్ ఊరి బజారు వెనక మా అచ్చు దుకాణంలో పెళ్లికార్డులు, బోర్డులు ఆయన కూర్చేవాడు, నేను యంత్రం నడిపేదాన్ని. పేరైనా, ఊరైనా, తేదీ అయినా ఎడమ అంచున ఆయన గీసుకున్న కనిపించని గీతను ఆనుకునే నిలబడాలి. ఎవరైనా "అన్నీ మధ్యకు పెట్టండి, ముచ్చటగా ఉంటుంది" అన్నారో, "మధ్యలో వేలాడ్డానికి అవేమైనా ఉతికిన బట్టలా?" అని లేచేవాడు.

ఆ జబ్బు దుకాణంతో ఆగలేదు. ఆదివారం సంతలో గొర్రెలు కొనబోయి, మూతులన్నీ ఒకే వరుసకు తెమ్మన్నాడు.

"మరి తోకలో? తలోవైపూ ఉన్నాయే!" అన్నాడు గొర్రెలవాడు వెటకారంగా.

"తోకలు వాటిష్టం. మొదలు కలిస్తే చాలు, చివర ఎలా ఉన్నా అందమే."

ఆయన శాస్త్రం మొత్తం అంతే. ఒక విందులో, పెద్దరికాన్ని బట్టి పంచాల్సిన మాంసపు ఎముకల్ని కూడా పళ్లెంలో ఎడమ అంచుకు సర్దేశాడు. తాతగారికి దక్కాల్సిన తుంటి ఎముక కొత్తల్లుడి ముందుకెళ్లింది. అతగాడు పరమానందంగా కొరికేశాడు. ఆ ఇంటివాళ్లు ఇప్పటికీ నాతో మాట్లాడరు. పళ్లెం అందించింది నేనే మరి.

కిందటి శరత్తులో సూయుంబెక్ దంపతులు కూతురు మెరిమ్‌ని వెంటబెట్టుకుని, ఆమె పెళ్లికార్డు కోసం వచ్చారు.

"మా అత్త పేరు కూడా వేయించు నాన్నా. నన్ను పెంచింది తనేగా. పేరు లేకపోతే గడప తొక్కనంది," అని గొణిగింది మెరిమ్.

"నా కంబళి ఎత్తుకుపోయినావిడ పేరు ఈ కార్డు మీదా? నోరుముయ్!" అంది తల్లి.

షర్షెనాలి అన్న తలెత్తకుండా కార్డు మీది పేర్లు కూర్చుకుంటున్నాడు. కాసేపటికి మాత్రం కడుపునొప్పి వచ్చినవాడిలా మూలిగాడు.

"కుంటుతోంది!"

"ఏది?" అన్నాడు సూయుంబెక్ కంగారుగా.

"కార్డు. పెళ్లికొడుకు వైపు నాలుగు పేర్లు, మీవైపు మూడు. మీకు మనుషులు తక్కువనుకుంటారు."

"తక్కువా? మాకా? మా బావ ఖుదాయ్‌బెర్గెన్‌ని పెట్టు!"

"పొడుగు. గీత దాటేస్తాడు."

"మా తమ్ముడు జుమగెల్దీ?" అంది భార్య.

"కాళ్లు బయటికొస్తాయి. పొట్టి పేరు కావాలమ్మా, పొట్టిది!"

"బుర్మా," అంది మెరిమ్ నేల చూపులు చూస్తూ. అత్త పేరది.

"అతికినట్టు సరిపోయింది!" అని అరిచాడు అన్న.

"ఆవిడా!" తల్లి లేచి నిలబడింది.

"నాకు మనుషులతో పనేంటమ్మా? కొలతతో పని. కుంటికార్డు కావాలా, చెప్పండి, అదే అచ్చేస్తాను."

సూయుంబెక్ భార్య వైపు చూశాడు. భార్య ఎదురువైపున్న నాలుగు పేర్ల వైపు చూసింది. "సరే. కొలత కోసమే," అంది పళ్లు నూరుతూ.

పెళ్లినాడు బుర్మా అత్త కార్డును జెండాలా పైకెత్తి పట్టుకుని వచ్చింది. చంకలో ఆ కంబళి. వదిన ముందు ధడేల్న పడేసి, "నీ కూతురి కోసం దాచాను, దయ్యమా!" అంది. ఇద్దరూ దానిమీదే కూర్చుని, పక్కపక్కనే, వంట బాగాలేదని తిట్టుకుంటూ తిన్నారు.

విందులో అన్న పక్కనే కూర్చున్న నాకు అప్పుడు గొర్రెలు గుర్తొచ్చాయి.

"అన్నా, మొదలు కలిస్తే చాలన్నావు కదా. పేర్లు మూడైతేనేం, నాలుగైతేనేం? పొడుగైతేనేం, పొట్టివైతేనేం? తోకలు వాటిష్టం కదా?"

ఆయన చెవులదాకా ఎర్రబడ్డాడు. "ముందు ఆ టీ గిన్నె జరుపు. పక్కదానితో కలవట్లేదు."

జరిపాను, ఇంకాస్త వంకరగా. ఆయన చూశాడు. ఆ ఒక్కరోజుకి ఊరుకున్నాడు.