మూరన్నర గుంత

ఈ సంగతి నేను ఎప్పుడో రాయాల్సింది. అక్షరాలు రాక రాయలేదు. నా చిన్నప్పుడు మా ఊరి బడిలో ఉర్దూ చెప్పేవారు, అదీ మగపిల్లలకే. తర్వాత పెళ్లయింది, రాట్నం ముందు కూర్చున్నాను. దాని ముందునుంచి లేచేసరికి ఇరవై ఏళ్లు గడిచిపోయాయి. నలభై దాటాక మా పేటలో మహిళా మండలి పెట్టి, మధ్యాహ్నం పూట చదువు చెప్తామంటే పోయాను. అల, వల దగ్గర మొదలుపెట్టి ఉత్తరం చదివేదాకా రావడానికి రెండేళ్లు పట్టింది. వచ్చాక కూడా రాయలేదు. కాగితం పట్టుకొని కూర్చుంటే చాలు, "ఎవలి మీద దావ ఏస్తున్నవే?" అని మా ఆయన నవ్వేవాడు.

మొన్న ఈ దిక్కు జాగ కొందామని తిరుగుతూ ఒకాయన వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. "గప్పుడు గిదంత చెలకలే గద. గీడ కొనాల్నని నీకెట్ల తెలిసిందన్నా?" అని మా ఆయనను అడిగాడు. మా ఆయన మీసం దువ్వుకొని, "సూపుండాలె తమ్మీ" అన్నాడు. లోపల గంజి కలుపుతున్న నాకు ఒళ్లు మండింది. అందుకే ఇవాళ రాస్తున్నాను. చూపూ లేదు, పాడూ లేదు. ఉన్నది ఒక గడ్డపార.

అప్పట్లో మేం కరీంనగర్ పాత పేటలో కిరాయికి ఉండేవాళ్లం. మాది గుంట మగ్గం. నేలలో మూరన్నర లోతు గుంత తవ్వి, దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వేలాడేసి తొక్కుతూ నేస్తారు. గుంతలో కొంచెం చెమ్మ ఉండాలి, లేకపోతే నూలు పెళుసుబారి తెగుతుంది. నీరు మాత్రం ఊరకూడదు. అది ఆయన పని. నా పని వీధిలో. పడుగు నూలును బారుగా సాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండ ముదరకముందే ఆరబెట్టాలి. దానికి పదిహేను బారల పొడవున వంకర లేని సందు కావాలి. మా ఇంటి ముందు ఒకప్పుడు అలాంటి సందే ఉండేది. ఒక ఏడు దాని నడుమ కరెంటు స్తంభం పాతారు. మరుసటి ఏడు ఎదురింటివాళ్లు సైకిళ్ల దుకాణం పెట్టి అరుగు ముందుకు జరిపారు. ఒకరోజు నేను పడుగు సాచి ఉండగా ఒక రిక్షా నేరుగా దాంట్లోకి దూరింది. తెగిన పోగులు అతకడానికి నాకూ మా అత్తకూ రెండు రోజులు పట్టింది. రిక్షావాడు మాత్రం, "బాటల దారాలు కట్టుడేందమ్మా?" అని నన్నే కోప్పడి పోయాడు.

ఊళ్లో ఆఫీసులు పెరిగాయి, కొలువుల వాళ్లు వచ్చారు, ఎక్కడ చూసినా ఇటుకల బండ్లే. మా ఇల్లుగలాయన కూడా ముందటి అర్ర కూల్చి మడిగెలు కట్టి దుకాణాలకు కిరాయికిస్తానన్నాడు. మా మగ్గం ఉన్నది ఆ అర్రలోనే. "మిరుగు లోపల ఖాళీ జెయ్యుండ్రి. నేను మిమ్ముల ఎల్లగొడ్తలేను, ఊరే గట్లయింది" అన్నాడు. మిరుగు వచ్చిందంటే వానలు వచ్చినట్టే. వానల్లో గుంత తవ్వలేం. గుంత లేకపోతే మగ్గం లేదు, మగ్గం లేకపోతే పొయ్యి వెలగదు. మరో కిరాయి ఇల్లు చూద్దామంటే, ఇంట్లో గుంత తవ్వుతామనగానే తలుపు మూసేవాళ్లు. కొనక తప్పలేదు.

మా అత్తది ఒకే షరతు. "పక్కింట్ల మనిషుండాలె. మంచోళ్లు గాకున్న పాయె, కొట్లాడనీకన్న మనిషుండాలె."

జాగల బేరాలు కుదిర్చే సాయిబు ఒకాయన దొరికాడు. చంకలో ఎప్పుడూ నక్షాల చుట్ట ఉండేది. మొదట కచ్చేరీకి పోయే బాట మీద ఒక జాగకు తీసుకుపోయి, "గీడ బస్సు ఆగుతది, గాడ టాకీసు పడ్తది, రెండేండ్లల్ల సూడు భాయ్" అన్నాడు. మా ఆయన పాత ధోవతిలో చుట్టి తెచ్చుకున్న గడ్డపార బయటికి తీశాడు.

"గిదేంది?" అన్నాడు సాయిబు.

"గుంత తవ్వి సూస్త."

"తోబా! పిల్లను సూడవొయ్యి పండ్లు గుంజి సూస్తరా ఎవలన్న?"

మూర లోతు పోయేసరికి గడ్డపార ఖంగుమంది. కింద బండ.

రెండోది వరి పొలాల అంచున. పొద్దున గుంత తవ్వి, తెచ్చుకున్న గట్క తిని వచ్చేసరికి అడుగున నీళ్లు మెరుస్తున్నాయి. మా అత్త తొంగి చూసి, "మంచిగనే ఉన్నది కొడకా. నేసుకుంట నేసుకుంట చాపలు గూడ పట్టుకోవచ్చు" అంది. మూడోదాంట్లో నల్లరేగడి. తవ్వుతుంటేనే గుంత గోడలు జారి పడ్డాయి. నాలుగోదాంట్లో మట్టి కుదిరింది. సందు ఎక్కడ అని నేనడిగితే సాయిబు నక్షా విప్పి చూపించాడు. నాకు అందులో అక్షరం ముక్క తెలియదు గానీ గీత తెలుసు. గీత తిన్నగానే ఉంది. నేల మీదికి పోయి, చేతులు చాపి బారలు కొలుచుకుంటూ నడిచాను. "ఏందక్కా, జాగను అలుముకుంటున్నవా?" అని సాయిబు వెనక నుంచి నవ్వుతున్నాడు. తొమ్మిదో బార దగ్గర ఏనుగంత రాతిగుండు అడ్డం వచ్చింది.

"గిది నక్షల లేదు గదా?" అన్నాను.

"గుండ్లను నక్షల ఎవలు ఏస్తరక్కా?" అన్నాడు, తప్పంతా నాదే అయినట్టు.

ఇంటికి వచ్చే దారిలో మా ఆయన మొహం మాడ్చుకొని, "నీ సందు పిచ్చి ఒకటి" అన్నాడు. ఆయన గుంత మాత్రం పిచ్చి కాదు, పని. నా సందు పిచ్చి. గంజి పట్టని పడుగు మగ్గానికి ఎక్కితే రోజుకు మూర కూడా నేయలేడని ఆయనకు తెలుసు. అయినా ఆ మాట అన్నాడు. ఆ నెలంతా అంతే. చూసిన ప్రతి జాగలో ఏదో ఒకటి ఉండేది, ఇంకొకటి ఉండేది కాదు. కాళ్లు బొబ్బలెక్కాయి, చేతిలో పని ఆగింది, మిరుగు దగ్గర పడుతోంది.

ఒకరోజు సాయిబు ఊరికి ఉత్తరాన ఒక పెసర చెలకకు తీసుకుపోయాడు. దాని ఆసామి వయసు మళ్లిన రైతు, అందరూ పటేలా అని పిలిచేవారు. ఊరు తన చేను దాకా వస్తోందని తెలిసి, చేనును ముక్కలు చేసి రాళ్లు పాతాడు. అంచున నాలుగు ఇళ్లు అప్పటికే లేచాయి, ఒక ఇంట్లోంచి ఎవరో ఎవరినో తిడుతున్న చప్పుడు విని మా అత్త తృప్తిపడింది. నేను చూసింది ఆ ఇళ్ల ముందునుంచి పోయే బండ్ల బాటను. చేతులు చాపి కొలిచాను. ఇరవై బారలు. రాయి లేదు, వంకర లేదు. ఇప్పుడు నేను గుమ్మంలో కూర్చుని రాస్తున్న సందు అదే.

మా ఆయన గుంత మొదలుపెట్టాడు. పైన మొరం, కింద ఎర్రమట్టి. మూర పోయేసరికి మట్టి చల్లగా చేతికి అంటుతోంది, గోడలు కత్తితో కోసినట్టు నిలబడ్డాయి. మూరన్నర అయింది. అక్కడితో ఆపాలి. ఆయన ఆపలేదు. నెల రోజుల తర్వాత దొరికిన మంచి మట్టి అది. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ రెండున్నర మూరలు పోయాడు. లోపల గొంతుక్కూర్చుని మట్టి పిడికిట్లోకి తీసి నలిపాడు, వాసన చూశాడు, తనలో తానే నవ్వుకున్నాడు. పటేలు గట్టు మీద నిలబడి ఇదంతా చూస్తున్నాడు.

"ఏం దొరికింది?" అని అడిగాడు.

ఏడాదికి ఒక్కసారి కూడా హాస్యమాడని మా ఆయనకు ఆ రోజే హాస్యం పుట్టింది. "దొరకాల్సిందే దొరికింది పటేలా" అన్నాడు.

నేను నెత్తి కొట్టుకున్నాను. గడబిడల కాలంలో షావుకార్లు ఊళ్లు విడిచిపోతూ వెండీ బంగారమూ ఎక్కడెక్కడో పాతిపెట్టారని అప్పట్లో ఊరంతా మాటలే. పటేలు మొహం చూస్తుండగానే మారింది. "జర ఆగుండ్రి. ఇంట్ల అడిగి చెప్త" అని గబగబా పోయాడు.

మర్నాడు సాయిబు వచ్చాడు. "పటేలు జాగ అమ్మడంట భాయ్. ముగ్గురు కూలోళ్లను పెట్టి తవ్విస్తుండు."

పరుగెత్తుకొని పోయాం. మా గుంత పక్కన రెండు పెద్ద గోతులు, మట్టి కుప్పలు. మా ఆయన చేతులు జోడించాడు. "పటేలా, ఏం లేదు. మాది గుంట మగ్గం. గుంత మంచిగ నిలుస్తదా లేదా అని సూసిన, గంతే."

"గుంట మగ్గం నాకు తెల్వదా? మూరన్నర గుంత గద. రెండున్నర మూరలు ఎందుకు తవ్వినవ్?"

"సంబురమయ్యి తవ్విన."

"సంబురానికి గుంత తవ్వెటోన్ని నేను యాడ సూడలే" అన్నాడు పటేలు. "నా చెవుల పూలు పెట్టకు. పో."

 అవసరం లేనప్పుడు మా ఆయనకు వచ్చిన మాట, అవసరం పడ్డప్పుడు రాలేదు. మరో రెండు రోజులు ఎవరిని పంపినా పటేలు వినలేదు. కూలివాళ్లు తవ్వుతూనే ఉన్నారు. నా గుబులు వేరే. ఒకసారి తవ్వి పూడ్చిన మట్టి మళ్లీ గట్టిపడాలంటే ఎన్నో వానలు కావాలి. ఆ చెలకంతా అట్లా తిరగేస్తే, తర్వాత ఆయనే బతిమాలి ఇచ్చినా అక్కడ మగ్గం గుంత నిలవదు.

ఆ సాయంత్రం మా ఆయన గడ్డపార మూలకు విసిరేశాడు. "ఇగ నాతోని గాదు. ఎల్లుండి పొయ్యి కచ్చేరి బాట మీది జాగకే బయాన ఇస్త."

"గాడ బండ గదా?"

"గుంత ఎందుకే? కరెంటొస్తది. కరెంటు మగ్గం పెడుదాం."

"కరెంటు మగ్గం నీకెవలిస్తరు? ఎవని దగ్గరనో కూలికి పోవుడేనా?"

"అందరు పోతలేరా?"

"పడుగు?"

"నీ పడుగు తగలవడ" అన్నాడు. మా అత్త నూలు కండె చుట్టడం ఆపి, "వాన్ని తిట్టుకుంట నువ్వు కూసో, నిన్ను తిట్టుకుంట వాడు కూసుంటడు, గాడ పటేలు తవ్వుకుంట పోతడు" అంది. నాకు ముగ్గురి మీదా కోపం వచ్చింది. నా మీద కూడా. నెల రోజులుగా బారలు కొలిచాను, మట్టి చూశాను, మాట మాత్రం మగవాళ్లకే వదిలేశాను.

మర్నాడు తెల్లవారుతుండగానే ఎవరికీ చెప్పకుండా చెలకకు పోయాను. కూలివాళ్లు ఇంకా రాలేదు. పటేలు ఒక్కడే పార పట్టుకొని మట్టి కుప్పల నడుమ నిలబడ్డాడు. మూడు రోజుల్లో ఆయనకు దొరికింది ఒక విరిగిన కుండ పెంకు. గోతులు మా గుంత దాకా వచ్చాయి, ఇంకా దాన్ని ముట్టలేదు. నేను పోయి గుంతలోకి కాళ్లు వేలాడేసి అంచున కూర్చున్నాను.

"ఏందమ్మా గిది? లే" అన్నాడు.

"లెవ్వ పటేలా. ఒక మాట చెప్త, ఇను. గీ జాగ మాకియ్యి. మూరన్నర దాక మాది. దాని కింద ఎప్పుడు, ఎవలకు, ఏం దొరికినా నీదే. నీ కొడుకులదే. కాయితంల రాయించుకో, నేను ఏలిముద్ర ఏస్త."

ఆయన పార నేలకు ఆనించి నన్నూ గుంతనూ మార్చి మార్చి చూశాడు. నేను చెప్పింది మోసమా, పిచ్చితనమా అని తూచుకుంటున్నట్టున్నాడు.

"మూరన్నర ఎక్కువైతది" అన్నాడు ఆఖరుకు. "మూర దాక మీది."

"మూర గుంతల కాళ్లు పట్టయి."

"మూరంబావు."

"మూరన్నర" అన్నాను, గుంతలో కాళ్లు కదపకుండా.