దుంగ మీద చెయ్యి

బారిష్టరు చదివి వచ్చినవాణ్ణి టెక్కలి మేజిస్ట్రేటు కోర్టులో గట్టు తగాదాలు, కొబ్బరికాయల దొంగతనాలు, మొగుడూ పెళ్ళాల కొట్లాటలు వాదిస్తూంటే మావాళ్ళకు తల కొట్టేసినట్టుండేది. నాకు ఒళ్ళు మండేది. లండనులో నేర్చిన న్యాయం ఇక్కడ కాణీకి కొరగాలేదు. ఆ మంటంతా మద్రాసు ఇంగ్లీషు పత్రికకు వ్యాసాలు రాసి చల్లార్చుకునేవాణ్ణి. దొరలు చదివి మెచ్చుకునేవారు. చట్టం మాత్రం ఉన్నచోటే ఉండేది.

ఒక వానాకాలం అక్కుపల్లి ఒడ్డుకు పెద్ద టేకు దుంగ కొట్టుకొచ్చింది. సముద్రం విసిరేసిన సొత్తు సర్కారుదని చట్టం, గంగమ్మ ఇచ్చిందని జాలర్ల నమ్మకం. వాళ్ళు దాన్ని తాళ్ళు కట్టి లాగి, కోసి పంచుకోబోతుంటే పోలీసులు వచ్చిపడ్డారు. దుంగను పట్టుకుని, దొరికిన మగవాళ్ళందరి మీదా దొంగతనం కేసు పెట్టారు. గుడిసెలో జ్వరంతో మూలుగుతున్న ఒక ముసలివాణ్ణి కూడా ఈడ్చుకొచ్చారు. చూపు సగం పోయినవాడు, దుంగ ఎలా ఉంటుందో కూడా చూడనివాడు.

ఆ ఊళ్ళలో పెద్దవల లాగినప్పుడు ఒక కట్టుబాటు ఉంది. తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాడికీ చేపల్లో వాటా. ఓపిక ఉడిగిన ముసలివాళ్ళు ఊరికే తాడు పట్టుకుని నిలబడ్డా వాటా వేస్తారు. పంపకం నాడు కులపెద్ద ఒక్కొక్కణ్ణీ "సెయ్యేసినావా?" అని అడుగుతాడు. లేదన్నవాడికి ఆ పూట పస్తే. లేదు లేదంటూ పోతే వాణ్ణి ఇక మనిషి కింద జమకట్టరు. ఇదంతా నేను ఎరిగినదే. కోర్టులో అదే ప్రశ్న వస్తుందని ఎవడనుకున్నాడు!

"ముట్టుకోలేదనండి. అంతకుమించి నోరెత్తకండి" అని, వాళ్ళ వకాలతు పుచ్చుకున్నవాణ్ణి కనుక, అందరికీ నూరిపోశాను. ఎవరు లాగారో పోలీసులు గుర్తుపట్టలేకపోయారు. బోనెక్కిన ప్రతివాడూ ముట్టుకోలేదన్నాడు. చివర ముసలివాడి వంతు.

"దుంగ మీద నువ్వు చెయ్యి వేశావా?" అన్నాడు మేజిస్ట్రేటు.

ముసలివాడు వెనక్కి తిరిగాడు. కులపెద్ద, తమ్ముళ్ళు, అల్లుడు వరసగా కూర్చుని ఉన్నారు.

"ఏసాను బాబూ. అందరితోపాటు నానూ ఏసాను."

నేను లేచి, జ్వరంతో పడున్నవాడు, మతిలేక వాగుతున్నాడన్నాను. ముసలివాడికి నా మీద ఎక్కడలేని కోపం వచ్చింది. "నీకేటి తెలుసు బాబూ? నాను సెయ్యెయ్యలేనోణ్ణా?" అని వణుకుతున్న చేతులు రెండూ ఎత్తి చూపించాడు. కోర్టంతా నవ్వింది. వాడి కులపెద్ద కూడా నవ్వాడు.

తక్కినవాళ్ళను సాక్ష్యం చాలదని వదిలేశారు, కొత్త సాక్ష్యం దొరికితే మళ్ళీ కేసు పెట్టొచ్చన్న మెలికతో. వాడొక్కడికి మూడు నెలలు. సంకెళ్ళు వేస్తుంటే నన్ను దగ్గరకు పిలిచి, "నా వాటా పక్కన ఎట్టమని మావోలికి సెప్పు బాబూ. మా ఇంటిదానికిత్తారు" అన్నాడు. సరేనన్నాను. దుంగ ఎప్పుడో సర్కారు వేలానికి పోయింది. కులం వాళ్ళు వాడి వాటాకు సరిపడా డబ్బు పోగుచేసి ఇస్తారులే అనుకున్నాను.

ముసలివాడు జైలు నుంచి తిరిగి రాలేదు. విరేచనాలు పట్టుకుని పోయాడని కబురు వచ్చింది. తీరం మీద జాలర్ల హక్కుల గురించి నేను పెద్ద వ్యాసం రాశాను. ఆ మేజిస్ట్రేటే నన్ను కోర్టు వరండాలో ఆపి, "భాష అద్భుతం" అని చేయి కలిపాడు. అతని మొహాన ఉమ్మేయాలనిపించింది. వందనం చేసి వచ్చాను.

తర్వాత ముసలివాడి పెళ్ళాం వచ్చి మా అరుగు కింద కూర్చుంది. పైకి రమ్మన్నా రాలేదు. వాటా ఇచ్చారా అని అడిగాను.

"ఇవ్వలేదు బాబూ. ఆడికి వాటా ఇత్తే దుంగ మనం లాగినట్టే కదా, ముట్టుకోలేదని సెప్పమని బారిష్టరు బాబే సెప్పినారు, మాట తప్పితే మల్లీ కేసవుద్ది అంటన్నారు పెద్దలు. ఔనా బాబూ?"

చట్టం ప్రకారం ఔను. అదే చెప్పాను.