హాల్‌టికెట్ మీద వంకర మూతి

ఎదుటివాళ్లలా ముఖం పెట్టి చూపించి నవ్వించడం నాకు చిన్నప్పటి జబ్బు. ఎనిమిదో తరగతిలో లెక్కల సారులా ముఖం పెడుతుంటే ఆయన నా వెనకే నిలబడి చూశారు. నా చదువు ఆ రోజుతో సరి. ఆ అలవాటు తెలుసు కాబట్టి, ముప్పై ఎనిమిదో ఏట నా మూతి నిజంగానే పక్కకు పోయిన పొద్దున ఇంట్లో ఎవరూ భయపడలేదు. నవ్వారు.

ఆళ్లగడ్డలో మా పెరట్లో నోరు పుక్కిలిస్తే నీళ్లు కుడిపక్క నుంచి చొక్కా మీదికి కారాయి. కుడి కన్ను మూతపడలేదు.

"మే రమణమ్మా, నా ముఖం సూడు."

"పొద్దున్నే ఎవర్ని ఎక్కిరిస్తాండావయ్యా?" అంది నా భార్య. టీ కూడా అదే దారిన కారేసరికి ఆమె నవ్వు ఆగింది.

"కోయిలకుంట్లలో పసరు పోస్తారు, పోదాం పా," అన్నాడు మా అన్న.

"పసరు సంగతి మళ్లా సూద్దాంలే బావా. ఫస్టు నంద్యాల బస్సెక్కాల," అంది రమణమ్మ.

నంద్యాల డాక్టరమ్మ కనుబొమ్మలు ఎత్తమంది, బుగ్గలు ఉబ్బించమంది. బీపీ, షుగర్ చూసింది. "స్ట్రోక్ కాదు. బెల్స్ పాల్సీ. ఫేషియల్ నర్వ్, అంటే ముఖం నరం, వాచింది. అదే రోజు వచ్చినారు, మంచి పని చేసినారు," అంది. స్టెరాయిడ్ మాత్రలు, కంట్లో డ్రాప్స్, పడుకునేటప్పుడు కంటికి టేపు.

నా దిగులు వేరే. నేను విత్తనాల గోడౌన్‌లో బస్తాలు తూకం వేస్తాను. పదో తరగతి పాసైతే సూపర్‌వైజర్ పని నీదే, ఈ ఏడు దాటితే వేరేవాళ్లను పెట్టుకుంటా అన్నాడు యజమాని. ప్రైవేటుగా పరీక్షకు కడదామని ఇంట్లోనే చదువుతున్నాను. టీచరు రమణమ్మే, ఆమె టెన్త్ పాసు. దరఖాస్తుకు ఆఖరి గడువు సరిగ్గా ఆ వారమే. కొత్త ఫొటో కావాలన్నారు.

"నగొద్దన్నా," అన్నాడు ఫొటో స్టూడియో అతను.

"నగలేదప్పా. ఇప్పుడు నా ముఖమే ఇది."

రెండు వారాలైనా మూతి కదల్లేదు. ప, బ, మ అక్షరాలు గట్టిగా పలకమన్నాడు ఫిజియోథెరపీ ఆయన. సోషల్ పుస్తకం తీసి అద్దం ముందు "భూభ్రమణం, పరిభ్రమణం" అని యాభైసార్లు చదివేవాణ్ణి. సగం గాలే వచ్చేది. "భూమి తిరుగుతాంది గానీ నీ మూతి తిరగలేదే," అనేది రమణమ్మ. ఆమె అటు తిరిగి కళ్లు తుడుచుకోవడం అద్దంలో కనిపించేది. నాలుగో వారంలో పెదవి చివర కాస్త వణికింది. మూడు నెలలకు ముఖం దారిలో పడింది.

అసలు తిప్పలు అప్పుడే మొదలయ్యాయి. పరీక్ష సెంటరు నంద్యాల. ఇన్విజిలేటర్ మేడం హాల్‌టికెట్ చూసింది, నన్ను చూసింది. "ఎవరికి బదులు వచ్చినావ్?" అంది.

"నేనే మేడం. అది రోగమొచ్చినప్పటి ముఖం."

సెంటరు చీఫ్ సారు వచ్చి నా ఆధార్ కార్డు కూడా చూశారు. "ఆధార్‌లో ఉండేది నువ్వే. హాల్‌టికెట్‌లో ఉండేది నువ్వు కాదు. బయటికి నడువ్."

ఊరందరినీ అనుకరించినవాణ్ణి, ఆ రోజు నన్ను నేనే అనుకరించాల్సి వచ్చింది. మూతి కుడిపక్క జారవిడిచి చూపించాను. హాలంతా నవ్వింది. సారు నవ్వలేదు. ఈ ఏడాది పోయిందనుకుని నేను గేటు దాకా వచ్చేసరికి, ఆస్పత్రి ఫైలు పట్టుకుని రమణమ్మ నిలబడి ఉంది. "రెండు ఫొటోలు కలవవని రాత్రే అనుకున్న్యా," అంది. ఆ ఫైలు తీసుకుని వెనక్కి పరిగెత్తాను. సారు ఓపీ చీటీ, తేదీ, డాక్టరమ్మ రాత చదివి, "పో, కూర్చో పో," అన్నారు. పావుగంట పోయింది. పరీక్ష పోలేదు.

ఇప్పుడు సూపర్‌వైజర్‌ని. బాగా అలసిపోతే కుడి రెప్ప కొట్టుకుంటుంది, అంతే. మీకు చెప్పేది ఒక్కటే. మూతి వంకర పోతే పసరు కోసం తిరగొద్దు, తగ్గుతుందేమోనని చూడొద్దు. అది స్ట్రోకో కాదో తేల్చాల్సింది డాక్టరు. ఆ రోజే పోండి.

టెన్త్ పాసైన మార్కుల మెమో వచ్చిన రోజు రమణమ్మ ముందు పెట్టి, "సూడు మే, ఇంక నువ్వూ నేనూ సమానం," అన్నాను.

"యాడి సమానం? నేను ఒక్క ముఖంతోనే పాసయినా. నీకు రెండు పట్టినాయి," అంది.