గంజి పెట్టిన మాస్కులు

మా వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర, గంజి పెట్టిన పంచె మీద నీళ్ళు చిలకరించి బొగ్గుల పెట్టె ఆనించగానే ఒక వాసన లేస్తుంది. ఉడికిన అన్నానికీ ఎండిన గుడ్డకీ మధ్య ఎక్కడో ఉండే వాసన. అది తగిలితే చాలు, నా చెయ్యి దానంతటదే ముక్కు మీదికి వెళ్తుంది, వెంటనే నవ్వొస్తుంది. ఇస్త్రీ అతను నన్ను వింతగా చూస్తాడు. పాపం, అతనికి మంగతాయారు గారు తెలియదు. మీకూ తెలియదు కాబట్టి చెబుతాను. నేను చెప్పేవన్నీ కోతలేనని ఊళ్ళో పేరుంది. ఇందులో కోత వచ్చిన చోట ముందే చెప్పేస్తాను, సరేనా.

మంగతాయారు గారు మా రైస్ మిల్లు ఎదురుగా జాకెట్లు కుట్టేవారు. నేను మిల్లులో కాటా గుమాస్తాను, లారీల తూకాలు చూస్తాను. లారీకీ లారీకీ మధ్య ఆవిడ అరుగు మీద కూర్చుని కథలు చెప్పడమే నా అసలు ఉద్యోగం. పోలవరం దగ్గర వరదలో కొట్టుకుపోయిన మా మేనమామ గేదె దారిలోనే ఈని, దూడని వెంటేసుకుని ఇంటికి నడిచొచ్చిందని నేను చెబుతుంటే, ఆవిడ పళ్ళ మధ్య గుండుసూదులు పట్టుకుని "ఊఁ" అనేవారు. అంతకు మించి మెచ్చుకోలు ఎప్పుడూ దక్కలేదు. ఆ ఒక్క "ఊఁ" కోసమే నేను రోజూ కొత్త గేదెని వెతుక్కునేవాణ్ణి.

ఆవిడ తమ్ముడు సూరిబాబు మా మిల్లులోనే ధాన్యం బస్తాలు విప్పి మర కింది గోతిలో పోసేవాడు. బస్తా తిరగబడగానే లేచే ధూళిలో మనిషి కనబడడు. దానికి తోడు బాయిలర్లో కాల్చిన ఊక బూడిద గొట్టంలోంచి వచ్చి, వీధిలో ఆరేసిన బట్టల మీద నల్లగా వాలేది. కరోనా సద్దుమణిగి జనం మాస్కులు అవతల పారేసిన రోజుల్లో సూరిబాబుకి దగ్గు పట్టుకుంది. మిల్లన్నా మానెయ్యి, లేదా మంచి మాస్కు లేకుండా గోతి దగ్గరికి వెళ్ళకు అన్నారు రాజమండ్రి డాక్టరు గారు. సూరిబాబు రెండూ కుదరవన్నాడు. మిల్లు మానితే వేరే పని చేతకాదు. మాస్కు పెడితే జట్టువాళ్ళు "పెళ్ళికూతురు గారొచ్చారండోయ్" అంటారు.

ఒక మధ్యాహ్నం ఆవిడ నా ముందు తెల్లటి మాస్కుల కుప్ప పోశారు. నేత గుడ్డ రెండు వరసలు, మధ్యలో చిన్న జేబు, ఆ జేబులోకి మందుల షాపులో కొన్న పల్చటి ఫిల్టరు.

"గుడ్డ ఉతుక్కోవాలి, లోపలి రేకు ఉతక్కూడదు, మురికైతే మార్చాలి. జట్టంతా పెట్టుకుంటే మావాడూ పెట్టుకుంటాడు," అన్నారు. "ఇన్నాళ్ళూ నా అరుగు అరగదీశావు కదా రాంబాబూ. నీ నోటికి ఇప్పుడు పని పడింది."

ఇప్పుడు కోత వస్తోంది, చూసుకోండి. భీమవరం దగ్గర ఒక మిల్లు మేస్త్రి ఏళ్ళ తరబడి ధూళి పీల్చి పీల్చి, ఒక వానాకాలం పొద్దున్న తుమ్మేసరికి ముక్కులో నారు మొలిచి ఉందని జట్టువాళ్ళకి చెప్పాను. జలుబు చేసినప్పుడల్లా కాలవకి నీళ్ళు వదిలినట్టే ఉండేదట. చివరికి ఆ ముక్కుకి పట్టాదారు పాస్‌బుక్ ఇప్పించమని ఆయన భార్య ఆఫీసుల చుట్టూ తిరిగిందట. జట్టు పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే తలో మాస్కూ తీసుకుంది. సూరిబాబు ఫిల్టరుని వెలుగుకి ఎత్తి చూసి "ఇదేంటండీ, ఆత్రేయపురం పూతరేకులా ఉంది" అన్నాడు. ఆ వారమంతా పెట్టుకున్నారు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

సోమవారం పొద్దున్న గోతి దగ్గర గోల. ఒక్కొక్కడి మొహం కందగడ్డలా ఉంది. సూరిబాబు మాస్కు లాగి నేల మీద కొడితే అది అప్పడంలా టక్కుమంది.

"ధూళి రావట్లేదు, నిజమే. గాలి కూడా రావట్లేదు గుమాస్తా గారూ. మా అక్క నన్ను చంపడానికే కుట్టిందేంటి?"

జరిగిందేమిటంటే, ఆదివారం ఇంటింటా మాస్కులు ఉతికారు. మా వైపు తెల్ల గుడ్డ ఉతికాక గంజి పెట్టకుండా ఆరేస్తే ఆ ఇల్లాలికి నామోషీ. పంచెలతో పాటు మాస్కులూ చిక్కటి గంజిలో ముంచి, ఇస్త్రీ కూడా చేసి పంపారు. కొందరైతే ఫిల్టరు తియ్యకుండానే ముంచారు. సూరిబాబుది మరీ గట్టిగా ఉంది. అక్క ఇంట్లో లేనప్పుడు తనే ముంచుకున్నాడు మరి.

ఇంక పెట్టుకోం అన్నారు అందరూ. నేను ఇంకో కథ ఎత్తుకోబోయాను. ఈలోగా మంగతాయారు గారు వేడినీళ్ళ బకెట్‌తో మిల్లులోకి వచ్చారు. కిందపడ్డ మాస్కులన్నీ ఏరి బకెట్లో వేసి, గంజి వదిలేదాకా పిసుకుతూ మెల్లగా మాట్లాడారు.

"రాత్రి వీడు పడుకుంటే ఛాతీలో ఈల వేసినట్టు చప్పుడు. పక్క గదిలో నాకు వినబడుతుంది. ఆగితే భయం, ఆగకపోతే భయం. మీ ఇళ్ళల్లో కూడా ఎవరో ఒకరు వింటూనే ఉంటారు కదయ్యా."

ముందుగా సూరిబాబే వచ్చి బకెట్లోంచి తన మాస్కు తీసి, పిండి, గోడ మీద ఆరేశాడు. మిగతావాళ్ళూ ఆరేశారు.

సాయంత్రం అరుగు మీద సూరిబాబు పక్కన నేను మొహం వేలాడేసుకుని కూర్చుంటే ఆవిడ నాతో అన్నారు. "నీ కథ బాగానే ఉంది నాయనా, వాళ్ళని గుమ్మం దాకా తెచ్చింది. కానీ ముక్కులో నారు దగ్గర ఆగాల్సింది. పాస్‌బుక్ దాకా వెళ్ళావు. గంజి ఎక్కువైంది. వినేవాడికీ ఊపిరాడాలి." ఆ రోజు ఆవిడ నోట్లో గుండుసూదులు లేవు.

సూరిబాబు దగ్గు పూర్తిగా పోయిందంటే అది నా కోత అవుతుంది. తగ్గింది, ఆ ఈల తగ్గింది. నిరుడు ఆవిడ పోయేనాటికి తమ్ముడు నిద్రపోతున్న గది నిశ్శబ్దంగా ఉండేది, ఆవిడ ఆ నిశ్శబ్దం విని మరీ వెళ్ళారు. ఇప్పుడు ఆవిడ మిషను మీద సూరిబాబే వంకరటింకరగా మాస్కులు కుడతాడు. నా చొక్కా జేబులో ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

మొన్న కొత్త జట్టు దిగింది. వాళ్ళకి మేస్త్రి ముక్కు కథ మొదలుపెట్టాను. నారు మొలిచింది, నవ్వారు. ఆగాల్సిన చోటు తెలుసు. అయినా నోరు ఊరుకోక "ఆ ముక్కుకి..." అన్నాను. గోతి దగ్గర్నించి, మాస్కు వెనకనుంచి సూరిబాబు గొంతు వినిపించింది.

"గుమాస్తా గారూ, గంజి."

నేను ఆగిపోయాను. కొత్తవాళ్ళు తలో మాస్కూ తీసుకున్నారు.