సర్వర్ ఒడియా మాట్లాడిన రోజు

తుపానుకి కూడా ఆగని పలాస జీడి ఫ్యాక్టరీని ఒక పూటంతా ఆపేసిన ఘనుణ్ణి నేను. చేతిలో ఉన్న ఆయుధం ఒక్క నీలం వైరు. ఎలాగో చెబుతాను. నవ్వండి కానీ, మరీ ఎక్కువ నవ్వకండి.

అప్పటికి టెక్కలిలో రమణన్న కంప్యూటర్ షాపులో కొత్తగా చేరాను. ఒంటరిగా పంపిన మొదటి పని ఇదే. "ఒరే, ఇది సక్కగా సేసుకొచ్చావంటే ఉద్యోగం పర్మినెంటు. నేదంటే రేపట్నుంచి మీ సంతబొమ్మాళిలో కొబ్బరికాయలు దింపుకో" అని బస్సెక్కించాడు.

ఫ్యాక్టరీలో కరెంటు పోయినప్పుడు సర్వర్ ఆగిపోయిందట. కదిపితే ఏమవుతుందోనని యజమాని అప్పన్న గారు దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అది లేస్తేనే పప్పు డబ్బాలకు లేబుళ్లు వస్తాయి. లేబుళ్లు వస్తేనే గేటు దగ్గరున్న లారీ కదులుతుంది.

దాని మానిటరు ఎప్పుడో చచ్చిపోయింది. నాకేం దిగులు? అలాంటి పెట్టెతో మాట్లాడటానికే ఆ నీలం వైరు, సీరియల్ కేబుల్ ఉంది. ఒక కొస సర్వర్ వెనక, రెండో కొస మన ల్యాప్‌టాప్‌కి పెడితే అది చెప్పేదంతా మన తెర మీద అక్షరాలై పడుతుంది. బల్ల మీద చోటు లేక, అడ్డంగా ఉన్నదాన్ని పీకి నా బ్యాగులో కుక్కి, ల్యాప్‌టాప్ పెట్టుకుని, దర్జాగా సర్వర్ బటన్ నొక్కాను.

తెర నిండా సున్నాలు, తోకలు, కొక్కేలు.

"ఏటి బాబూ అది?" అన్నారు అప్పన్న గారు.

"నాకు తెలీదు" అనే మాట అప్పట్లో నా నోట వచ్చేది కాదు. "ఈ సర్వర్ ఎక్కడ కొన్నారండీ?" అన్నాను.

"బరంపురంలో. సెకండ్ హ్యాండు."

"అదీ సంగతి. ఒడియాలో వస్తోంది!"

మీరే చెప్పండి, మా వైపు ఇచ్ఛాపురం దాటితే బోర్డులు, బస్సులు, శుభలేఖలు అన్నీ ఒడియాలోకి మారిపోతాయి. సర్వర్ ఒక్కటీ మారకూడదా?

అప్పన్న గారికీ సబబుగానే తోచింది. "ఒరే, దండపాణిని పిలండ్రా!" అని కేకేశారు. దండపాణి గారిది ఇచ్ఛాపురం. పప్పు గ్రేడింగు చూసే సూపర్‌వైజరు. కళ్లజోడు తుడుచుకుని తెర ముందు కూర్చున్నారు. వెనక పప్పు ఒలిచే ఆడవాళ్లంతా గుమిగూడారు. అంతమంది ముందు రాదనడానికి ఆయన మాత్రం నాకేం తీసిపోయారు?

"ఇది పాత ఒడియా. గంజాం వైపు రాత" అన్నారు.

"ఏటుంది మావా?" అంది ఒకావిడ.

"కంగారు పడకండి, కూసింత ఆగండి అనుంది."

ఆగాం. టీలు వచ్చాయి. లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. మళ్లీ చదివించాం. "ఇంకా ఆగమంతంది" అన్నారు దండపాణి గారు. భోజనాలు కూడా అయ్యాయి.

అప్పుడు రమణన్న ఫోను. "ఏటిరా, అయిందా?"

"సర్వర్ ఒడియాలో మాట్లాడుతోందన్నా. చదివిస్తున్నాం."

"ఏటి సేత్తన్నారు?" అని అరిచాడు రమణన్న. "స్పీడెంత పెట్టినావు?"

"దేనికన్నా?"

"నీ బుర్రకి! సర్వరు ఒక స్పీడులో సెప్తంటే నీ ల్యాప్‌టాపు ఇంకో స్పీడులో ఇంటంటే పిచ్చిగీతలే వత్తాయి. మార్చి సూడు!"

మార్చి, సర్వర్‌ని ఆపి మళ్లీ వేశాను. ఈసారి శుభ్రమైన ఇంగ్లీషు వచ్చింది. కీబోర్డు కనబడటం లేదు, తగిలించండి అని.

"కీబోర్డేదీ? పొద్దున్న బల్ల మీదే ఉంది గదా!" అన్నారు అప్పన్న గారు.

నా బ్యాగు జిప్పు చప్పుడు ఆ గదిలో అందరికీ వినబడింది. కీబోర్డు తగిలించగానే సర్వర్ లేచి కూర్చుంది. అసలు నేను రాకుండా, ఎవరో ఒకరు ఆ బటన్ నొక్కి ఉంటే పొద్దున్నే లేచేది.

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. అప్పన్న గారు మాత్రం కళ్లు తుడుచుకుంటూ నవ్వి, రమణన్నకి ఫోను చేశారు. "లేబుళ్లొచ్చి లారీ ఎల్లిపోయింది గానీ, ఇకమీదట మాకీ కుర్రోణ్ణే పంపు. ఇంతలాగ నవ్వి సాన్నాళ్లయినాది!" ఆ నవ్వుతోనే నా ఉద్యోగం పర్మినెంటయింది. సిగ్గుపడాల్సిన చోట ఆనందంతో నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

గుమ్మం దాటుతూ దండపాణి గారు వెనక్కి తిరిగారు. "నానేటి సెప్పినాను? కంగారు పడకండన్నేదా?"

అందుకని, ఆ రోజు అప్పన్న గారు నా చేతిలో పెట్టిన జీడిపప్పు పొట్లం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. తెర మీద రాత అర్థం కాకపోతే ముందు స్పీడు చూస్తాను. తర్వాత నా బ్యాగు వెతుక్కుంటాను. అప్పటికీ లాభం లేకపోతేనే దండపాణి గారిని పిలుస్తాను.