వీబెకె తెచ్చిన కేకు

వీబెకెకు జ్వరం రాదు. డెన్మార్క్‌లో, ఆర్హుస్ ఊళ్లోని మా ల్యాబ్‌లో అందరికీ తెలిసిన సంగతది. తెలియనివాళ్లకు ఆవిడే చెబుతుంది. వానలో సైకిల్ తొక్కుకుంటూ వచ్చి, తుమ్ముతున్న మమ్మల్ని చూసి, "నాలుగు చినుకులు పడితే చాలు, మంచమెక్కేస్తారు!" అనేది. నాకు ఒళ్లు మండేది.

మా పని రక్తంతో. లక్షల ఏళ్ల కిందట మన పూర్వీకుల ఒంట్లో దూరిన వైరస్‌ల తునకలు ఇప్పటికీ మన డీఎన్ఏలో ఉన్నాయి. మామూలుగా కిక్కురుమనవు. రోగం సోకితే మాత్రం కొన్ని మేలుకుంటాయి. ఫ్లూ వచ్చినవాళ్లలో ఏవి మేలుకుంటాయన్నదే మా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న మరేన్ థీసిస్. పోల్చి చూడటానికి ఆరోగ్యవంతుల రక్తం కావాలంటే, ముందుగా చెయ్యి చాపేది వీబెకే.

ఆ రోజూ చాపింది.

"ఒంట్లో బాగుందా?" అని మరేన్ అడిగింది. ఇచ్చేవాళ్లందరినీ అడుగుతుంది.

"నాకేం, దుక్కలా ఉన్నాను."

సీసాల మీద పేర్లుండవు. ఆరోగ్యవంతులదన్న ఒక సీసాలో పాత వైరస్‌లు మేలుకుని కనిపించాయి. మరేన్ మళ్లీ పరీక్షించింది, మళ్లీ అదే. తన పద్ధతే తప్పనుకుని, థీసిస్ ఇప్పుడు ఇవ్వలేనని మా పెద్ద ఆస్గెర్ దగ్గర భోరున ఏడ్చింది. పక్క బల్ల తుడుస్తున్న వీబెకె తల ఎత్తలేదు.

మర్నాడు కాఫీ వేళకు కేకు తెచ్చింది. మా ల్యాబ్‌లో పొరపాటు చేసినవాళ్లు కేకు తేవాలి. అది తింటూ వాళ్లను కాసేపు ఆటపట్టించి మరిచిపోతాం.

"ఏం పగలగొట్టావ్, వీబెకె?" అని ఆస్గెర్ నవ్వాడు.

"ఆ రక్తం నాది. ఆ పొద్దున నాకు జ్వరం. మాత్ర మింగి వచ్చాను."

మరేన్ కప్పు కింద పెట్టింది. "నిన్ను అడిగాను కదా."

"అడిగావు. జ్వరమని చెప్పడానికి సిగ్గేసింది."

"మరి నేను ఏడుస్తుంటే?"

"అప్పుడు ఇంకా సిగ్గేసింది."

ఆవిడ ముఖం ఎర్రబడిపోయింది. ఆవిడ పొగరు అణిగితే సంతోషిస్తాననుకునేదాన్ని. తీరా చూస్తే నాకే తల కొట్టేసినట్టయింది. కేకు ఎవరూ కోయలేదు.

మరేన్ పద్ధతిలో తప్పు లేదు, థీసిస్ ఆగలేదు. తర్వాత రక్తం తీసే రోజున సూదుల పక్కన చెవిలో పెట్టుకునే కొత్త థర్మామీటర్ ఉంది. వీబెకె అందరికన్నా ముందు తనే తీసి చెవిలో పెట్టుకుని, అంకె మరేన్‌కు కనబడేలా పట్టుకుంది.